మధ్య పుస్తకాలు దాటేయమని చెప్పకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో పెద్ద పెద్ద ఫాంటసీ సిరీస్‌లు ఎలా చదవాలో చెప్తూ ఒక కాలమ్ వచ్చింది. టాపిక్ చూడగానే భలే సంతోషం వేసింది, తెలుగు పేపర్లో ఇలాంటివి కనపడ్డమే అరుదు కదా, కానీ సగం చదివేసరికి మనసు చివుక్కుమంది. రాబర్ట్ జోర్డన్ గారి వీల్ ఆఫ్ టైమ్ గురించి చెప్తూ, మొదటి ఆరు పుస్తకాలు చదవండి, ఏడు నుంచి పది దాకా నెట్‌లో సారాంశం చూసుకోండి, పదకొండు నుంచి మళ్ళీ అందుకోండి, టైమ్ కలిసొస్తుంది అని రాశారు. ఆ మాట నమ్మి ఎవరైనా నిజంగానే అలా చేస్తారేమో అన్న భయంతో ఈ ఉత్తరం రాస్తున్నా. నేను ఆ పద్నాలుగు పుస్తకాలూ వరసగా, ఒక్కటి కూడా వదలకుండా, ఆఖరి పేజీ దాకా చదివినదాన్ని. ఆ నాలుగూ తీసేస్తే ముగింపులో ఏం జరిగిందో తెలుస్తుందేమో గానీ అది మనల్ని ఎందుకు అంతలా ఏడిపిస్తుందో మాత్రం తెలీదు.

తెలియనివాళ్ళ కోసం ముందు కాస్త కథ చెప్తా. మొదటి పుస్తకం, ది ఐ ఆఫ్ ది వరల్డ్, 1990 జనవరిలో వచ్చింది, పద్నాలుగోది, ఎ మెమరీ ఆఫ్ లైట్, 2013 జనవరిలో. మొత్తం కలిపి దాదాపు 44 లక్షల పదాలు. పేరున్న పాత్రలే రెండు వేల పైన ఉంటారు. టూ రివర్స్ అనే మారుమూల పల్లెలో గొర్రెలు కాచుకునే రాండ్ అనే కుర్రాడు, వాడి ఇద్దరు దోస్తులు మాట్, పెరిన్, అదే ఊళ్ళో ఎగ్వీన్ అనే అమ్మాయి, ఊరికి వైద్యం చేసే నైనీవ్, వీళ్ళని ఒక రాత్రి రాక్షసులు తరుముకొస్తే ఊరొదిలి బయల్దేరతారు. అందులో రాండ్ ఎవరయ్యా అంటే, మూడు వేల ఏళ్ళ క్రితం ఒక మహావీరుడు పిచ్చెక్కి సొంత పెళ్ళాం పిల్లల్ని తన చేత్తోనే చంపుకున్నాడు, ఆ మనిషే మళ్ళీ పుట్టాడన్నమాట. ఆ పిచ్చికి కారణం ఏంటంటే లోకాన్ని నడిపే శక్తికి ఆడ సగం, మగ సగం అని రెండు ఉంటాయి, చీకటి దేవుడు మగ సగం మీద విషం పూశాడు, అప్పట్నుంచి ఆ శక్తి ముట్టుకున్న ప్రతి మగాడికీ పిచ్చెక్కాల్సిందే. లోకాన్ని కాపాడాల్సినవాడు కూడా వాడే, పిచ్చెక్కబోయేది కూడా వాడికే. కాలం చక్రంలా తిరుగుతుందని, యుగాలు పోయి మళ్ళీ వస్తాయని, చచ్చినవాళ్ళు మళ్ళీ పుడతారని ఆ కథలో ఉంటే అమెరికా వాళ్ళకి కొత్తగా ఉంటుందేమో, మన ఇళ్ళల్లో సంకల్పం చెప్పేటప్పుడే కలియుగే ప్రథమపాదే అని వింటూ పెరిగాం కాబట్టి మనం ఆ లోకంలోకి ఇట్టే వెళ్ళిపోతాం.

ఇక అసలు సంగతి. ఏడు నుంచి పది దాకా కథ నెమ్మదిస్తుంది, అది నిజం, నేను కాదనట్లేదు. ముఖ్యంగా పదోది, క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్వైలైట్. తొమ్మిదో పుస్తకం చివర్లో ఒక మహా పెద్ద సంఘటన జరుగుతుంది, పదో పుస్తకంలో చాలా భాగం అదే రోజున వేరే వేరే చోట్ల ఉన్నవాళ్ళు ఏం చేస్తున్నారో చెప్తుంది, దూరంగా ఏదో జరుగుతోందని అందరికీ తెలుస్తుంది, ఏంటో తెలీక భయపడతారు, ఎవరి పనిలో వాళ్ళు పడతారు. కథ ముందుకి కదలట్లేదే అనిపిస్తుంది. పెరిన్ భార్య ఫాయీల్‌ని శత్రువులు ఎత్తుకుపోయేది ఎనిమిదో పుస్తకం చివర, ఆమె బయటపడేది పదకొండులో. ఎనిమిదోది వచ్చింది 1998లో, పదకొండోది 2005లో, అంటే అప్పట్లో చదివినవాళ్ళు ఆ ఒక్క అమ్మాయి ఏమైందో తెలుసుకోడానికి ఏడేళ్ళు ఎదురుచూశారు. వాళ్ళకి కోపం రావడంలో తప్పేం లేదు, రెండేళ్ళు ఆగి పుస్తకం కొంటే అందులో ఏమీ జరగకపోతే ఎవరికైనా మండుతుంది. నాకర్థమైనంతలో ఆ పుస్తకాలకొచ్చిన చెడ్డపేరులో సగం ఆ ఎదురుచూపు వల్ల వచ్చిందే. ఇప్పుడు అన్నీ అచ్చయిపోయి ఉన్నాయి, ఒకటి మూసి ఇంకోటి తెరవడమే. 2003లో చదివినవాళ్ళ విసుగుని పట్టుకొచ్చి ఇవాళ కొత్తగా మొదలుపెట్టే పిల్లల నెత్తిన పెట్టడం అస్సలు బాలేదు.

పైగా ఆ నాలుగు పుస్తకాల్లో ఏమీ జరగదు అన్న మాటే తప్పండి. మగ సగం మీద విషం అన్నాను కదా, సిరీస్ మొత్తానికి పునాది అది, మొదటి పుస్తకం ప్రోలాగ్‌లోనే ఉంటుంది, ఆ విషాన్ని రాండ్, నైనీవ్ ఇద్దరూ కలిసి కడిగేసేది తొమ్మిదో పుస్తకం చివర్లో. మూడు వేల ఏళ్ళ శాపం అండీ! దాన్ని సారాంశంలో ఒక లైన్లో చదువుకోమంటే ఎలా? నైనీవ్ అంటే మొదటి పుస్తకంలో అందరి మీదా అరిచే కోపిష్టి అమ్మాయి, జడ పట్టుకు లాక్కుంటూ ఉంటుంది, ఈ మనిషంటే రాండ్‌కి ఆ గడ్డు సమయంలో ఎందుకంత నమ్మకం కుదిరిందో వెనకాల ఎనిమిది పుస్తకాలూ చదివినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంకోటి రాండ్ సంగతి, నేను ఎక్కువ చెప్పాలనుకున్నది కూడా ఇదే. ఆరో పుస్తకం చివర వాణ్ణి ఒక పెట్టెలో కుక్కి, రోజూ బయటికి తీసి కొట్టి, మళ్ళీ పెట్టెలో పెడతారు. అక్కడితో ఆరోది అయిపోతుంది, పెద్ద యుద్ధం జరుగుతుంది, వాడు బయటపడతాడు. మీ కాలమ్ చెప్పినట్టు చేస్తే ఇక్కడ పుస్తకం మూసేసి పదకొండుకి దూకాలి. కానీ ఆ పెట్టె వాణ్ణి ఏం చేసిందో ఉండేది తర్వాతి నాలుగు పుస్తకాల్లోనే. ఇరుకు గదిలో ఉండలేడు. ఎవర్నీ నమ్మలేడు. తన వల్ల చచ్చిపోయిన ఆడవాళ్ళ పేర్లు ఒక జాబితాగా మనసులో అనుకుంటూ ఉంటాడు, రాత్రిళ్ళు ఒక్కో పేరూ తల్చుకుంటాడు, ఒక్కటి మర్చిపోకూడదని, పుస్తకం పుస్తకానికీ ఆ జాబితా పెరుగుతుంది. ఏడులో మానని గాయం మీద ఇంకో మానని గాయం పడుతుంది. ఎనిమిదిలో ఒక యుద్ధంలో చేతిలోని కత్తి శక్తి అదుపు తప్పి తన సొంత సైనికుల్నే చంపేస్తాడు. గట్టిగా ఉండాలి, రాయిలా అవ్వాలి, లేకపోతే ఈ బరువు మొయ్యలేను అని వాడికి వాడే చెప్పుకుంటుంటే చదివే మనకి, వద్దురా అబ్బాయ్, అలా అవ్వకురా అని చెప్పాలనిపిస్తుంది, చెప్పలేం. ఇదంతా వేల పేజీల మీద, చాలా నెమ్మదిగా, ఒక్కో చిన్న మాటలో జరుగుతుంది. ఒక మనిషి బండబారిపోవడం నెమ్మదిగానే జరుగుతుంది కదండీ. పన్నెండో పుస్తకం చివరికొచ్చేసరికి వాడు ఒక కొండ శిఖరం మీద ఒంటరిగా నిలబడి, చేతిలో లోకాన్నే అంతం చేసేంత శక్తి పెట్టుకుని, మళ్ళీ మళ్ళీ పుట్టి ఇదే పడాల్సొస్తే అసలు బతకడం ఎందుకు అని అడుగుతాడు. ఆ తర్వాత ఏమైందో చెప్పను, చదవబోయేవాళ్ళకి అన్యాయం చేసినట్టవుతుంది. కానీ ఆ చాప్టర్ చదివి పుస్తకం పక్కన పెట్టి నేను చాలాసేపు వంటింట్లోకి వెళ్ళలేకపోయా. ఏడు నుంచి పది దాకా వాడితో పాటు నడవకపోతే ఆ కొండ మీద సీను ఒట్టి ఉపన్యాసంలా ఉంటుంది, నడిచినవాళ్ళకి గుండెల మీద నుంచి బండ దింపినట్టుంటుంది.

ఎగ్వీన్ సంగతీ అంతే. రెండో పుస్తకంలో షాన్‌చాన్ అనే సముద్రం అవతలివాళ్ళు ఆ పిల్ల మెడకి పట్టీ వేసి బానిసగా పెట్టుకుంటారు, చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. తర్వాత ఎడారి మనుషుల దగ్గర, ఐయిల్ అంటారు, వాళ్ళకి దారి చూపే పెద్దావిడల దగ్గర శిష్యరికం చేసి నొప్పిని ఎలా తట్టుకోవాలో నేర్చుకుంటుంది. ఆ నేర్చుకున్నది పనికొచ్చేది ఎప్పుడో తెలుసా, పన్నెండో పుస్తకంలో వైట్ టవర్, అంటే ఆ శక్తి వాడే ఆడవాళ్ళ కోట, దాని లోపల ఖైదీగా రోజూ దెబ్బలు తింటూ తల వంచకుండా నిలబడ్డప్పుడు, ఆ షాన్‌చాన్ వాళ్ళే మళ్ళీ రాత్రిపూట టవర్ మీదకి ఎగిరొచ్చినప్పుడు. మరి ఆమె ఖైదీ ఎక్కడయింది? సరిగ్గా ఆ పదో పుస్తకం ఆఖర్లో! ఏమీ జరగదన్న పుస్తకం ఆఖర్లో.

ఈ మధ్య భాగం దాటేయడం అన్నది వినగానే నాకు మన భారతమే గుర్తొచ్చింది. నన్నయ పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి ఆస్థానంలో మొదలుపెట్టి ఆది, సభా పర్వాలు పూర్తి చేసి అరణ్యపర్వం సగంలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన వచ్చి ఆ మిగిలిన అరణ్యం జోలికి వెళ్ళకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని ఆఖరి దాకా పదిహేను పర్వాలు రాశాడు. కథ తెలిసిపోయింది, యుద్ధం అయిపోయింది, పాండవులు స్వర్గానికి కూడా వెళ్ళిపోయారు. అయినా మధ్యలో ఆ ఖాళీ ఉండిపోయింది. మనవాళ్ళు పోన్లే అని ఊరుకోలేదండీ. పద్నాలుగో శతాబ్దంలో అద్దంకి ప్రోలయ వేమారెడ్డి దగ్గరుండే ఎర్రన వెనక్కి వెళ్ళి ఆ అరణ్యపర్వ శేషం పూర్తి చేశాడు. అరణ్యపర్వం అంటే ఏంటి, అడవిలో కూర్చుని ఋషులు కథలు చెప్తుంటే వినడం, యుద్ధం లేదు, పెద్ద మలుపు లేదు, నేటి లెక్కలో అదీ నెమ్మదిగా నడిచే మధ్య భాగమే. కానీ సావిత్రి కథ అందులోనే, యక్షప్రశ్నలు అందులోనే, ఎర్రన పూర్తి చేసిన భాగంలోనే. దాటేసినా కథ అర్థమవుతుందిలే అని ఆయన అనుకుని ఉంటే?

ఎర్రన పేరు ఎత్తాను కాబట్టి సిరీస్ పూర్తయిన తీరు కూడా చెప్పాలి, అది తెలిశాక ఆఖరి మూడు పుస్తకాలు చదవడమే వేరేగా ఉంటుంది. జోర్డన్ గారి అసలు పేరు జేమ్స్ ఆలివర్ రిగ్నీ, అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం చార్ల్‌స్టన్ ఊరు. వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్ గన్నర్‌గా చేసొచ్చినవాడు, చంపడం అంటే మనిషి లోపల ఏమవుతుందో ఆయన పుస్తకాల్లో కనపడేది ఊహించి రాసింది కాదనిపిస్తుంది నాకు. పదకొండు పుస్తకాలు రాశాక గుండెకి అమైలాయిడోసిస్ అనే అరుదైన జబ్బు ఉందని 2006లో ఆయనే చెప్పారు. ఇంకొక్క పుస్తకం ఉంది, ఎంత లావైనా సరే ఒక్కటే, అనేవారు. అది పూర్తవకుండానే 2007 సెప్టెంబర్ 16న పోయారు. పోయేముందు ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టుకుని మిగతా కథంతా నోటితో చెప్పి రికార్డ్ చేయించారు, ముగింపు సీను ముందే రాసి పెట్టారు. ఆయన భార్య హారియట్ మెక్‌డూగల్ గారే మొదట్నుంచీ ఆయన ఎడిటర్ కూడా, ఆవిడే పూర్తి చేయడానికి బ్రాండన్ శాండర్సన్ అనే కుర్ర రచయితని ఎంచుకున్నారు. చిన్నప్పట్నుంచీ ఈ పుస్తకాలు చదివి పెరిగినవాడు, జోర్డన్ పోయినప్పుడు ఆయన మీద రాసుకున్న నివాళి హారియట్ గారి కంటబడింది. ఒక్కటి అనుకున్న ఆఖరి పుస్తకం మూడయింది, 2009, 2010, 2013ల్లో వచ్చాయి.

శాండర్సన్ వచ్చాక మాట తీరు మారింది, చదివితే తెలిసిపోతుంది. మాట్ జోకులు మొదట్లో కొంచెం వేరేగా పడతాయి, వాక్యాలు పొట్టిగా ఉంటాయి, కథ పరిగెడుతుంది. జోర్డన్ గొంతుని అచ్చంగా అనుకరించాలని చూడలేదని ఆయనే చెప్పారు. ఎర్రన మాత్రం ఇంకోలా చేశాడు, మూడొందల ఏళ్ళ క్రితం పోయిన రాజరాజ నరేంద్రుడి పేరు మీదే రాసి, నన్నయే రాసి ముగించినట్టు చేశాడు. నన్నయ శరత్కాలపు రాత్రుల్ని వర్ణిస్తూ ఆగిపోతే ఎర్రన అదే శరత్తులో ఎత్తుకున్నాడు, అతుకు కనపడకూడదని. రెండు పద్ధతులూ గౌరవమే. నాకైతే శాండర్సన్ చేసింది కూడా సబబుగానే అనిపించింది, పక్కవాడి గొంతు అరువు తెచ్చుకుంటే మూడు పుస్తకాల పాటు మొయ్యలేడు, దాని బదులు పాత్రల మనసు పట్టుకున్నాడు, ఆఖర్లో మాత్రం జోర్డన్ రాసి పెట్టిన సీనుకి మనల్ని తీసుకెళ్ళి అప్పజెప్పాడు.

ఇక ఆఖరి పుస్తకంలో ది లాస్ట్ బ్యాటిల్ అని ఒకే ఒక్క చాప్టర్ ఉంది, దాదాపు రెండొందల పేజీలు, చాప్టర్ బ్రేక్ లేదు, ఊపిరి తీసుకునే సందు లేదు. డజన్ల కొద్దీ మనుషుల కళ్ళలోంచి కనపడుతుంది. ఎప్పుడో నాలుగో పుస్తకంలోనో, ఎనిమిదిలోనో ఒక పేజీ కనిపించి పోయిన మనిషి ఇక్కడ ఒక పేరాలో వచ్చి చచ్చిపోతాడు, అతను గుర్తున్నవాళ్ళకి కళ్ళు చెమరుస్తాయి, గుర్తులేనివాళ్ళకి అదొక పేరు. లాన్ అనే ఆయన, పోగొట్టుకున్న రాజ్యానికి ఆఖరి రాజు, మొదటి పుస్తకం నుంచీ ఒంటరి, ఆయన భార్య నైనీవ్ పదకొండో పుస్తకంలో ఆయన్ని యుద్ధభూమికి దూరంగా దించి, చెదిరిపోయిన ఆ దేశపు మనుషుల్ని వెతుక్కుంటూ ఊరూరా వెళ్ళి, మీ రాజు బయల్దేరాడు, ఒంటరిగా పోనిస్తారా అని అడుగుతుంది. సుంకాలు, సరుకుల లెక్కలు చూసుకునే ముసలి వ్యాపారస్తులు లేచి నిలబడతారు. ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు గొంతు పూడుకుపోతోంది. ఇలాంటివి సారాంశంలో ఎక్కడ దొరుకుతాయండీ?

టీవీలో చూసేద్దాం అనుకునేవాళ్ళకి ఒక మాట, ప్రైమ్‌లో 2021 నుంచి మూడు సీజన్లు వచ్చాయి, నాలుగో పుస్తకం కథ దాకా తెచ్చి 2025లో ఆపేశారు. కాబట్టి చివరిదాకా వెళ్ళాలంటే దారి పుస్తకమే. భయపడక్కర్లేదు, ప్రతి పుస్తకం వెనక పదకోశం ఉంటుంది, పేర్లు తికమకైతే అక్కడ చూసుకోవచ్చు, ఒక నోట్‌బుక్‌లో ఎవరెవరు ఎక్కడున్నారో రాసుకుంటే ఇంకా మంచిది. హైదరాబాద్ వాళ్ళు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికితే పాత కాపీలు తక్కువకి దొరికే అవకాశం ఉంది, అయితే వరస చూసుకుని కొనండి. బస్సుల్లో తిరిగేవాళ్ళకి ఆడియోబుక్స్ ఉన్నాయి, మైకేల్ క్రేమర్, కేట్ రీడింగ్ అనే భార్యాభర్తలు పద్నాలుగూ చదివారు, మొత్తం 400 గంటల పైనే. న్యూ స్ప్రింగ్ అని 2004లో వచ్చిన ముందు కథ ఒకటుంది, కాలం ప్రకారం అదే మొదటిది కదా అని దాంతో మొదలుపెట్టకండి, అచ్చయిన వరసలో, పది తర్వాత చదవండి, అప్పుడే దాని విలువ తెలుస్తుంది, పదో పుస్తకం తర్వాత కాస్త తెరిపి కూడా ఇస్తుంది.

చివరిగా మీ పేపర్‌కే ఒక మనవి. మన తెలుగువాళ్ళకి పొడుగు కథ చదివే ఓపిక లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1950ల నుంచి 70ల దాకా చందమామలో తోకచుక్క, కంచుకోట, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం, యక్షపర్వతం, భల్లూక మాంత్రికుడు, ఇలా ఒకదాని తర్వాత ఒకటి నెలల తరబడి నడిచాయి, దాసరి సుబ్రహ్మణ్యం గారు రాశారు, పేరు కూడా వేసేవాళ్ళు కాదు, చిత్రా గారి బొమ్మలు. మా ఇంట్లో పెద్దవాళ్ళు అవి బైండ్ చేయించి దాచారు, నేను చదవడం నేర్చుకుందే వాటి మీద. మాంత్రికులు, రాకాసులు, కొండలు, కోటలు, అన్నీ మన భాషలో, మన పేర్లతో ఉండేవి. అలాంటిది ఒకటి మీ ఆదివారం సంచికలో మొదలుపెట్టండి. కొత్త రచయితల్ని పిలవండి, రాయగలిగే పిల్లలు చాలామంది ఉన్నారు, ఫోన్లలో రాసుకుంటున్నారు, వాళ్ళకి పేజీ లేదు అంతే. పదిహేను వారాలకి ముగించేయమని తొందరపెట్టకండి, అలాగని పాఠకుల ఉత్తరాలు తగ్గాయని మధ్యలో ఆపేయకండి. ఎన్ని వారాలు పట్టినా కథ ముగింపు దాకా వేస్తామని మొదటి వారమే అచ్చులో మాటివ్వండి. వారం వారం పేజీ కత్తిరించి దాచుకోడానికి మా వీధిలోనే నాతో కలిపి నలుగురైదుగురు ఉన్నారు.

ఇట్లు
మీ పాఠకురాలు,
ఒంగోలు.